మూడోసారికి ముందు

మొన్న పొద్దున్న టీ తాగుతుంటే ఫోను మోగింది.

"మేడమ్‌గారూ, ఎర్రనీరు వచ్చేసిందండి. మొదటి పులస రేపు పడిపోద్దంటున్నారండి. మీరు తప్పకుండా రావాలండి."

ఫోను చేసింది మామ్మ కోడలు. మామ్మంటే మా మామ్మ కాదు, కిందటేడు నేను చూసిన పేషెంటు. మామ్మ పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆవిడ లేకుండా గోదారికి వచ్చిన మొదటి వరద ఇది.

"మాది పెనుగొండమ్మా. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. నేనొచ్చి చేపల రేవులో ఏం చేస్తాను?" అన్నాను.

"మీరేం చెయ్యక్కర్లేదండి. నా ఎదురుగా నిలబడితే చాలండి. ఐసు ఏజెంటుగారు ఈ ఏడు ఎదుటి రేవుకి మారి మైకులు కట్టించేశారు. కొనేవాళ్ళంతా అటు పోతే మా గతేంటండి? కిందటేడు అత్త మిమ్మల్ని చూసుకుంటూనే కదండీ వేలం వేసింది."

అదీ నిజమే. ఆవిడ నన్ను చూసింది. ఎందుకు చూసిందో నాకూ ఆవిడకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు మీకు చెబుతాను.

నేను నర్సుని. ఆసుపత్రిలో వార్డులు తిరిగే నర్సుని కాదు, ఊళ్ళు తిరిగే నర్సుని. మందులతో పూర్తిగా నయంకాని జబ్బులతో ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళ దగ్గరికి స్కూటీ మీద వెళ్ళి, ఉన్నన్నాళ్ళూ వాళ్ళు వీలైనంత హాయిగా బతికేలా చూడటం నా ఉద్యోగం. వాళ్ళలో ఎక్కువమంది ఊపిరితిత్తులు పాడైపోయినవాళ్ళే. నాలుగడుగులు వేస్తే ఆయాసం, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. నేను గుమ్మం ముందు బండి ఆపగానే పక్కింటివాళ్ళు, "ఆవిడొచ్చిందంటే ఇంక రోజులు దగ్గరపడ్డట్టే" అని గుసగుసలాడతారు. వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి రోజులనూ దగ్గర చెయ్యడానికి రాను నేను. మిగిలిన రోజుల్ని ఆ మనిషి చేతికి తిరిగి ఇప్పించడానికి వస్తాను. ఈ ముక్క అర్థంకానివాళ్ళకు మామ్మ గురించి చెబుతాను. పేరు మాత్రం చెప్పను. రేవులో ఆవిడను పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, నాకెందుకొచ్చిన గొడవ?

నరసాపురానికి దిగువన, గట్టు పక్కన ఇల్లు. నేను మొదటిసారి వెళ్ళేసరికి భీమవరం ఆసుపత్రి నుంచి అప్పుడే తీసుకొచ్చారు. నులకమంచం మీద ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి కూర్చుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుంటున్నాయి. అంత ఆయాసంలోనూ వేలుపెట్టి నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను. గడ్డం పట్టుకుని నా ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. కింది కనురెప్ప లాగి చూసింది. చెవి వెనక్కి మడిచి చూసింది.

"కళ్ళు తేటగానే ఉన్నాయి," అంది. కాసేపు రొప్పింది. "మొప్పలూ ఎరుపే. తాజా సరుకే. కూర్చో."

చెప్పొద్దూ, నేను చూడాల్సిన మనిషే నన్ను చూసేసింది. తేరుకుని, "ఇప్పుడు నేను మిమ్మల్ని చూడాలండి మామ్మగారూ," అన్నాను.

"మీరూ గీరూ అనకే, నేనేదో మునసబుగారి పెళ్ళాన్నైనట్టు. చూసుకో. నిలవ సరుకు. బేరం ఆడకూడదు మరి."

అదీ మామ్మ. మా జిల్లాల్లో వెటకారం ఉగ్గుపాలతో పోస్తారంటారు. ఆవిడకు కాస్త ఎక్కువే పోసినట్టున్నారు.

ఆవిడ పని రేవులో చేపలు వేలం వెయ్యడం. పడవలు ఒడ్డుకు రాగానే చేపను అరిటాకు మీద పెట్టించి, చుట్టూ మూగిన కొనుగోలుదార్ల చేత పాట పెంచించి, ఆఖరికి "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని తెగ్గొట్టడం. ఆ పని చేసి చేసి, ఏ వస్తువు కనిపించినా వేలానికి పెట్టేది. నేనిచ్చిన మందు పీల్చే గొట్టాన్ని చేత్తో ఎత్తి పట్టి, "కుయ్యిమంటది, తియ్యగుండదు, ఎవరికి కావాలి?" అనేది. కోడలు వండిన బీరకాయ కూరను వేలం వేసి, కొనేవాళ్ళు లేరని తేల్చి, చారు పొయ్యమనేది. ఓసారి బాగా ఆయాసం వచ్చి తగ్గాక నా వైపు చూసి, "దీన్ని కూడా పాటకి పెట్టానే నర్సమ్మా. ఒక్కడూ నోరెత్తడే!" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఊపిరితిత్తులు ఎందుకలా అయ్యాయంటే చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ పచ్చి కొబ్బరిమట్టల పొయ్యి ముందు కూర్చుని ఊదింది. చేపలను పొగలో ఎండబెట్టే పాకలో పని చేసింది. ఇవన్నీ చాలనట్టు లంక పొగాకు చుట్ట. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించిన రోజు నేను గట్టిగానే చెప్పాను.

"మామ్మా, ఈ గాలి ఉన్నచోట నిప్పు ఉండకూడదు. మంచం, నువ్వు, ఇల్లు కలిపి అంటుకుంటాయి. చుట్ట కావాలో మిషను కావాలో తేల్చుకో."

ఆవిడ చుట్టను చూసింది, మిషన్ను చూసింది. కొప్పులో దోపుకున్న అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టింది. చుట్టను మాత్రం అదే కొప్పులో దోపుకుంది.

"నిప్పు నీకిచ్చేశాను. వాసన నాది," అంది.

ఆ తరవాత ఆ చుట్ట వెలగడం నేను చూడలేదు. అప్పుడప్పుడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ దోపుకునేది.

మా పనిలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంటుంది. మీకు ఏది ముఖ్యం, ఏం కావాలి అని. చాలామంది, "ఎవరికీ భారం కాకుండా పోతే చాలమ్మా" అంటారు. మామ్మ అలా అనలేదు.

"రెండు కావాలి," అంది. "ఇంకోసారి ఆసుపత్రికి తీసుకెళ్ళి నోట్లో గొట్టాలు పెట్టకూడదు. ఇక్కడే, ఏటిగాలి తగిలేచోట పోవాలి. అది రెండోది."

"మరి మొదటిది?"

"ఎర్రనీరు వచ్చాక పడే మొదటి పులసకి నేను మూడోసారి అనాలి."

కోడలు గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో మూతి మూసుకుంది. ఎందుకో తరవాత ఆ అమ్మాయే చెప్పింది. ఆ రేవులో ఒక కట్టుబాటు ఉందట. వరదలకు గోదారి ఎర్రబడి, సముద్రం నుంచి ఎదురెక్కిన పులస మొదటిది వలలో పడినప్పుడు, ఆ చేపకు ఎవరి నోట మూడోసారి అన్న మాట వస్తుందో ఆ ఏడంతా రేవులో వేలం వాళ్ళదే. మామ్మ అత్తగారి నుంచి మామ్మకు వచ్చింది. మామ్మ నుంచి కోడలికి రావాలి. కానీ కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. నలుగురిలో గొంతెత్తమంటే చెమటలు పట్టేవి. ఇంతలో భీమవరం నుంచి ఐసూ వ్యానులూ పంపే ఏజెంటుగారు కొత్తగా బేరం మొదలుపెట్టారు. "ముసలావిడకి ఓపిక లేదు కదండీ, ఈ ఏడు మొదటి చేప నేను వేస్తాను, మైకు కూడా తెస్తాను" అని పడవలవాళ్ళతో చెప్పేశారు. ఆయనే కొంటారు, ఆయనే వేలం వేస్తారు. ఇంకేం, ఆడవాళ్ళు బుట్టలు మోసుకోవడానికి మిగులుతారు.

"ఎంత మర్యాదగా అన్నాడనుకున్నావే! 'మామ్మగారూ, మీకెందుకండీ శ్రమ' అన్నాడు. ఆ మర్యాదకి నాకు మూడు రోజులు ఆయాసం తగ్గలేదు," అంది మామ్మ.

మా డాక్టరుగారికి ఫోన్ చేశాను. విని, "ఆవిడకి కావాల్సింది అదేనా?" అని అడిగారు. అదేనన్నాను. "అయితే వెయ్యనివ్వండి. ఎలా అన్నది మీరు చూసుకోండి," అన్నారు. అంతే. ఇంక ఆ భారం నా నెత్తిన పడింది.

ఊపిరి అందనివాళ్ళకు మేము నేర్పే పద్ధతి ఒకటుంది. ముక్కుతో మెల్లగా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, అంతకంటే మెల్లగా, ఎక్కువసేపు వదలాలి. లోపల చిక్కుపడిన గాలి బయటికి పోతే కొత్త గాలికి చోటు దొరుకుతుంది. వినడానికి ఇంతే. మామ్మకు నేర్పబోతే నా తాతలు దిగొచ్చారు. లెక్కపెడుతూ వదలమన్నాను. ఆవిడకి లెక్కంటే పుట్టుకతోనే తొందర. ఒకటి అనగానే రెండు, మూడు మీద పడిపోయి గాలంతా ఒక్కసారి వదిలేసి రొప్పేది. సరేనని ఇంకో దారి ఆలోచించాను. చేపల మనిషి కదా, చేపల్లోంచే చెబుదామనుకున్నాను.

"మామ్మా, పులస పులుసు పొగలు కక్కుతూ నీ ముందు పెట్టారనుకో. ఎలా ఊదుకుంటూ తింటావు? అలా ఊదు."

కోడలు నోరు తెరిచి నన్ను చూసింది. మామ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పులస పులుసు వేడిగా తింటారటే? వండి, రాత్రంతా ఉంచి, మర్నాడు తినాలి! ఓసి నీ పెనుగొండ తెలివి తగలెయ్య! ఊదుకుంటూ తింటదంట!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకు దగ్గు, దగ్గుకు ఆయాసం. కోడలు విసనకర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముఖం మీదికి నేరుగా గాలి విసిరితే ఆయాసం తెలియడం తగ్గుతుందని ఆ అమ్మాయికి నేనే నేర్పాను. ఆ పూటంతా మామ్మ నన్ను "వేడి పులుసూ" అనే పిలిచింది.

ఆ రోజు పోతూ పోతూ వంటింటి వైపు చూస్తే గోడకి చేరవేసిన ఊదుగొట్టం కనిపించింది. గ్యాసు వచ్చాక దాని పని అయిపోయింది, అయినా ఎవరూ పారెయ్యలేదు. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

"పొయ్యిలో బూడిద కింద నిప్పు ఉందనుకో. రాజెయ్యి. బూడిద మాత్రం లేవకూడదు."

ఆవిడ గొట్టం పెదాలకు ఆనించింది. ఎన్నాళ్ళ అలవాటో! బుగ్గలు పొంగలేదు, భుజాలు లేవలేదు. సన్నగా, నిదానంగా, తెగని దారంలా గాలి వదిలింది. మళ్ళీ పీల్చింది, మళ్ళీ వదిలింది. మెడ నరాలు సడలడం నా కళ్ళారా చూశాను. ఆ తరవాత గొట్టం తీసేసి ఉత్త పెదాలతోనే అలా ఊదించాను. ఊపిరితిత్తుల్ని పాడుచేసిన ఆ పొయ్యే ఆవిడకు ఊపిరి వదలడమూ నేర్పింది. నేను స్కూటీ ఎక్కి గట్టు మీద ఒక్కదాన్నే ఈల వేసుకుంటూ వెళ్ళానంటే నమ్మండి.

అంతా బాగానే ఉంది కానీ, వేలం దగ్గర మాత్రం మామ్మ మాట వినేది కాదు. రేవులో ఆవిడ పేరు మోసిందే మూడు సార్లూ ఒక్క గుక్కలో అనడం వల్ల. "ఒకటోసారి-రెండోసారి-మూడోసారి" అని కంచు మోగినట్టు అనేసేదట, ఎవడికీ మళ్ళీ నోరెత్తే సందు ఇవ్వకుండా.

"ఒక్కోదానికీ మధ్య ఆగి ఊపిరి తీసుకో మామ్మా," అని బతిమాలాను.

"మధ్యలో ఆగేదాన్ని రేవులో పాటకి ఒప్పుకోరు. ఊపిరి లేదని తెలిసిపోదూ? తెలిసిపోతే ఇంక ఏజెంటు చేతికి ఇచ్చేసినట్టే."

"ఒక్క గుక్కలో అనలేవు."

"అంటాను."

మంచం మీద కూర్చుని వంకాయల్ని వేలం వేసి చూపించేది. రెండోసారి దగ్గరికి వచ్చేసరికి పెదాలు నీలమయ్యేవి. నేను తిట్టేదాన్ని, ఆవిడ తిరిగి తిట్టేది, కోడలు ఇద్దరికీ మజ్జిగ ఇచ్చేది. ఇలాగే ఎండాకాలం వెళ్ళిపోయింది.

కిందటేడు ఎర్రనీరు వచ్చిన పొద్దున సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆయాసం నెమ్మదించడానికి డాక్టరుగారు రాసిన చిన్న మోతాదు మార్ఫిన్ వేశాను, పీల్చే మందు ఇచ్చాను. కొడుకు తల్లిని ఎత్తుకెళ్ళి రేవులో స్టూలు మీద కూర్చోబెట్టి పడవ దగ్గరికి వెళ్ళాడు. కోడలు వెనక విసనకర్రతో, నేను ఎదురుగా సంచితో. అరిటాకు మీద పులస, వెండి పళ్ళెం తోమి పెట్టినట్టు మెరుస్తోంది. పక్కనే ఏజెంటుగారు, చేతిలో మైకు, మెడలో గొలుసు, ముఖాన చిరునవ్వు.

పాట మొదలైంది. చివరికి ఇద్దరు మిగిలారు. రాజమండ్రి నుంచి వచ్చిన హోటల్ మనిషి ఒకరు. తణుకు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు, కొత్త వియ్యంకుడికి మొదటి పులస పంపిస్తానని నోరు జారి ఒప్పేసుకున్నాడట పాపం. పాట ఎక్కడిదాకా వెళ్ళిందో అడక్కండి. రేవులో ఒక్కొక్కరూ ఒక్కో అంకె చెబుతారు, చెప్పినప్పుడల్లా పెరుగుతుంది. హోటల్ మనిషి పాట మీద తణుకాయన తల అడ్డంగా ఊపాడు. మామ్మ చెయ్యెత్తింది.

"ఒకటోసారి-రెండోసారి-"

అక్కడ తెగిపోయింది. ఎప్పటి అలవాటో మానుకోలేక ఒక్క గుక్కలో లంకించుకుంది, గుక్క చాల్లేదు. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. భుజాలు లేచిపోయాయి. రేవంతా గప్‌చిప్.

"మామ్మగారూ, మీరు ఆయాసపడకండి. మూడోసారి నేననేస్తానండి," అని ఏజెంటుగారు మైకు పైకెత్తారు. నేను సంచి జిప్పు లాగి అడుగు ముందుకు వేశాను.

మామ్మ అరచెయ్యి చూపించింది. అది ఆయనకో నాకో తెలియలేదు. ఇద్దరం ఆగిపోయాం. ఆవిడ ముందుకు వంగింది. మోచేతులు మోకాళ్ళకు ఆనించింది. పెదాలు చుట్టింది. బూడిద లేవకుండా ఊదడం మొదలుపెట్టింది. "ఫూ..." వెనక నుంచి కోడలు విసురుతోంది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. నేనే ఒప్పించాను, నేనే తీసుకొచ్చాను, ఈ అరిటాకు పక్కన పడిపోతే ఏం సమాధానం చెప్పుకోను దేవుడా అనుకున్నాను.

ఆ నిశ్శబ్దాన్ని భరించలేకపోయింది నేను కాదు, తణుకాయన. ఆ సందులో ఆయన కళ్ళముందు వియ్యంకుడు మెదిలాడేమో, గబుక్కున పాట పెంచేశాడు. హోటల్ మనిషి గిర్రున తిరిగి చూసి తనూ పెంచాడు. పాట మారింది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి అనాలి.

"ఒకటోసారి," అంది మామ్మ. ఊపిరి తీసుకుంది. "రెండోసారి." మళ్ళీ పెదాలు చుట్టింది. "ఫూ..."

తణుకాయన మళ్ళీ పెంచాడు. హోటల్ మనిషి నుదురు తుడుచుకున్నాడు, అతనూ పెంచాడు. తణుకాయన అంతకుమించి పెంచాడు. రేవులో జనం ఒకరి భుజాల మీద ఒకరు పడుతున్నారు.

"ఒకటోసారి. రెండోసారి. ఫూ..."

నేను ఆవిడ మెడనే చూస్తున్నాను. అది నా పని. నరాలు సడలిపోయాయి. భుజాలు దిగిపోయాయి. పెదాల రంగు మామూలైంది. ఊపిరి వచ్చేసింది. వచ్చి చాలాసేపైంది. అయినా ఆవిడ తల దించుకుని, ఇంకా ఎంతో ఆయాసంగా ఉన్నట్టు, తాపీగా ఊదుతూనే ఉంది!

అప్పుడు ఒక్క కన్ను ఎత్తి నా వైపు చూసింది. ఆ చూపు ఇదే.

నేను కిక్కురుమంటే ఒట్టు. ముఖం గంభీరంగా పెట్టుకుని, పేషెంటు పరిస్థితి కాస్త కష్టంగానే ఉందన్నట్టు తల కూడా ఊపాను. అది చూసి హోటల్ మనిషి, ముసలావిడ ప్రాణం మీదికి వచ్చేలా ఉంది ఇంక తేల్చెయ్యాలనుకున్నాడో ఏమో, ఓ పాట పెంచాడు. తణుకాయన చొక్కా చేతులు పైకి మడిచి ఆఖరి పాట పాడాడు. హోటల్ మనిషి దణ్ణం పెట్టేశాడు.

"ఒకటోసారి. రెండోసారి. మూడోసారి!" అంది మామ్మ. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. గట్టు మీది కొంగలు లేచిపోయాయి. ఏజెంటుగారు మైకు చంకలో పెట్టుకుని, "ఆయ్, అదరగొట్టేశారండీ మామ్మగారూ," అని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. పాపం, మర్యాదస్తుడు.

ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాను. కాసేపటికి మామ్మ దీర్ఘంగా నిట్టూర్చింది. ఏమైందోనని వంగాను.

"నర్సమ్మా, ఇన్నేళ్ళూ ఒక్క గుక్కలో అనేసి ఎంత పాడుచేసుకున్నానే! కాస్త ఆగితే చాలంట!"

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ నాకు ముందురోజు వండిన చేపల పులుసు కూడా పెట్టబోయింది, వంకాయనుకుని తినమంది. నేను మజ్జిగన్నం తిన్నాను.

ఆ ఏడు వేలం ఆ ఇంటిదే అయింది. తరవాత చేపలకు మామ్మ స్టూలు మీద కూర్చుంటే కోడలు నిలబడి వేలం వేసింది. మొదట్లో ఆ పిల్ల భయంతో అరవబోయేది. మామ్మ కొంగు పట్టి లాగేది. "అరవకే. అరిచేవాళ్ళు లోకంలో బోలెడు. ఆగు. ఆగితే వాళ్ళే అరుస్తారు," అనేది. నోట్లో నాలుక లేని పిల్లకు ఆగడమంటే వెన్నతో పెట్టిన విద్య. వరదలు తగ్గేసరికి ఆ పిల్ల గొంతు రేవుకి అలవాటైపోయింది.

కార్తీకమాసం చలికి మామ్మకు జబ్బు ఎక్కువైంది. అంబులెన్స్ పిలుద్దామా అని కొడుకు తల్లడిల్లిపోయాడు. మామ్మ ముందే చెప్పిన మాట నేను గుర్తుచేశాను. గొట్టాలు లేవు. మంచాన్ని ఏటివైపు వసారాలో వేశాం. మందు వేళకు వేస్తూ, దిండ్లు ఎత్తుగా సర్ది, నొప్పీ భయమూ దగ్గరికి రాకుండా చూసుకున్నాను. ఆవిడ ఆయాసంతో గిలగిల్లాడుతూ పోలేదు, అది గట్టిగా చెప్పగలను. ఓ మధ్యాహ్నం కోడలు పక్కన కూర్చుని విసురుతుంటే, కళ్ళు మూసుకునే, "చెయ్యి మార్చుకోవే, నొప్పెడుతుంది," అంది. కోడలు చెయ్యి మార్చుకుంది. ఇంకాసేపటికి విసరాల్సిన అవసరం లేకపోయింది. కొప్పులో చుట్ట ఉంటే అలాగే ఉంచమన్నాను.

అదండీ సంగతి. నిన్న పొద్దున్న రేవుకి వెళ్ళాను. కోడలు స్టూలు తెచ్చి పెట్టింది కానీ దాని మీద కూర్చోలేదు. కొనేవాళ్ళు ఎవరొస్తారా అని అందరూ గట్టు వైపే చూస్తున్నారు. ముందుగా దిగింది ఎవరనుకున్నారు? తణుకు పెద్దమనిషి.

"మా వియ్యంకుడికి అలవాటైపోయిందండి. ఈ ఏడూ కావాలంటున్నాడు. మామ్మగారి రేవు చేపే కావాలంట," అన్నాడు, కొంచెం ఏడుపు ముఖంతోనే. ఆయన వెనకే హోటల్ మనిషి. వాళ్ళ వెనక మిగతావాళ్ళు.

పాట పెరిగింది, నిలిచింది. కోడలు నా వైపు ఒకసారి చూసింది. చెయ్యెత్తింది.

"ఒకటోసారి," అంది. గొంతు పెద్దది కాదు, తేటగా ఉంది. "రెండోసారి."

ఆగింది. కాస్త ముందుకు వంగింది. పెదాలు చుట్టి, "ఫూ..." అని నిదానంగా ఊదింది. ఎవరూ నవ్వలేదు. ఎవరికీ వింతగా అనిపించలేదు. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, పాట మళ్ళీ పెరిగింది. చివరికి "మూడోసారి" ఆ పిల్ల నోటే వచ్చింది. ఈ ఏడు రేవు ఆ ఇంటిదే. స్టూలు మీద ఎవరూ కూర్చోకుండానే వేలం అయిపోయింది.

అయ్యాక పక్కకు పిలిచి అడిగాను. "నీకు ఆయాసం లేదు, ఏమీ లేదు. గుర్రంలా ఉన్నావు. ఎందుకే అలా ఊదుతావు?"

అదేం ప్రశ్నన్నట్టు చూసింది. "అలా ఊదకపోతే అది వేలం ఎలా అవుద్దండి?"

నాకు ఇంకో ఊళ్ళో మరో తాతగారిని చూడాల్సిన పని ఉంది. స్కూటీ ఎక్కి గట్టు మీదికి వచ్చాను. పక్కన గోదారిలో అవతలి ఒడ్డు దాకా ఎర్రనీరు సుళ్ళు తిరుగుతోంది. అవతలి రేవులో ఏజెంటుగారి మైకు మోగుతోంది. దుక్కలాంటి మనిషి ఆయన, ఏ రోగమూ లేదు, పరిగెత్తి బస్సు పట్టుకుంటాడు.

"ఒకటోసారండి... రెండోసారండి..." అంది మైకు.

తరవాత ఏమీ వినిపించలేదు. నేను బండి ఆపేశాను. అప్పుడు రెండు స్పీకర్లలోంచీ, గోదారి మీదుగా, ఈ ఒడ్డు దాకా పెద్దగా, తాపీగా వచ్చింది.

"ఫూ..."

నేను నడిగట్టు మీద పిచ్చిదానిలా నవ్వాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "మామ్మా," అన్నాను పైకే, "నీ ఊపిరికి మైకు పెట్టారే!"

"మూడోసారి!" అంది అవతలి ఒడ్డు.